చోళవరం బాటలో మజ్జిగ కుండ

నా చిన్నప్పుడు మద్రాసులో పిల్లలకంటే పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లే ఎక్కువమంది ఉండేవాళ్లు. ఇది నా లెక్క కాదు, మా అవ్వ లెక్క. చాకలిపేటలో మా ఇంటి అరుగు మీద కూచుని ఆమె వీధిన పోయేవాళ్లందరినీ కళ్లతో వడపోసేది. గోనెసంచి మోసేవాడు పిల్లల్ని పట్టేవాడు. సంచి లేనివాడు దాన్ని ఎక్కడో దాచి వచ్చినవాడు. ఏ ఏటి మీద వంతెన కడుతున్నారని కబురు వచ్చినా, స్తంభానికొక పిల్లవాణ్ణి బలి ఇవ్వనిదే అది నిలబడదని ఇంజనీర్లకంటే గట్టిగా చెప్పేది. ఆ రోజుల్లో దేశమంతా వంతెనలు కడుతున్నారు. మా ప్రాణాలకు ఎంత గిరాకీ ఉండేదో మీరే ఊహించుకోండి.

వాళ్లను గుర్తుపట్టడానికి ఆమె ఒక్క సూత్రం నేర్పింది. వాళ్లు తియ్యగా మాట్లాడతారు. "బంగారూ, ఇట్రా నాయనా" అన్నారంటే అయిపోయినట్టే. చేతిలో మజ్జిగో మిఠాయో ఉంటుంది, అందులో మత్తుమందు ఉంటుంది, కళ్లు తెరిచేసరికి మనం వంతెన కింద ఉంటాం. ఈ సూత్రం నాకు ఇట్టే తలకెక్కింది. ఎందుకంటే మా వీధిలో తియ్యగా పిలిచే ఆచారమే లేదు. అన్నానికి పిలవాలన్నా "ఒరే చచ్చినోడా, కూడు చల్లారిపోతా ఉండాది" అనే పిలిచేవాళ్లు. తిట్టు వినబడిందంటే ఇల్లు దగ్గర్లో ఉన్నట్టే.

మీసాలు మా మూతుల మీదికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్న వయసులో, ఒక ఎండాకాలం సెలవుల్లో, నేనూ ఎదురింటి స్నేహితుడూ సైకిళ్ల మీద సూళ్లూరుపేట పోవాలని తీర్మానించుకున్నాం. అక్కడ వాడి మేనత్త ఉంది. యాభై మైళ్లంటే మాకు లెక్కలేదు, అప్పటిదాకా ఐదు మైళ్లు కూడా తొక్కలేదు గనక. వాడిది వాళ్ల మామ సైకిలు, నాది మా నాయన సైకిలు. అది ఎంత ఎత్తంటే, ఎక్కడానికి ఒక మైలురాయి వెతుక్కోవాలి, దిగడానికి ఇంకో మైలురాయి వచ్చేదాకా ఆగాలి. మా నాయన సరేనన్నాడు. అవ్వ మాత్రం నిరసనగా ఒక పూట అన్నం మానేసింది. ఆ రోజు ఏకాదశి అని మాకు తర్వాత తెలిసింది. బయల్దేరేటప్పుడు మరచెంబు నిండా నీళ్లు పోసి ఇచ్చి, పరాయి చేతి చుక్క ముట్టవద్దని నా చేత ఒట్టు వేయించుకుంది.

తెల్లవారకముందే బయల్దేరాం. మాధవరం దాటేలోపే ఒక పాలవాణ్ణి, ఒక మంగలిని, సైకిలు గంట అనవసరంగా రెండుసార్లు కొట్టిన ఒక ఉద్యోగస్తుణ్ణి అనుమానించాను. ఆ ఉద్యోగస్తుడు మమ్మల్ని దాటి వెళ్లిపోతే, ముందుగా పోయి వంతెన దగ్గర కాచుకుంటాడని నా స్నేహితుడికి చెప్పాను. వాడు బొద్దుగా, మాటకారిగా ఉండేవాడు. "నన్ను మొయ్యాలంటే వాళ్లకి లారీ కావాలరా" అన్నాడు. లారీ కూడా వచ్చింది. డ్రైవరు తల బయటపెట్టి దారి అడిగాడు. మేము సమాధానం చెప్పకుండా చెరకు తోటలో దాక్కున్నాం.

రెడ్ హిల్స్ చేరేసరికి మరచెంబు ఖాళీ. అక్కడి పెద్ద చెరువు మద్రాసు నగరానికంతా నీళ్లు పోస్తుంది, మాకు మాత్రం ఒక్క చుక్క పనికిరాలేదు. గట్టు మీద కూచున్న మనిషి మమ్మల్ని చూసి నవ్వాడు. నవ్వడానికి కారణమేమిటి? నేను నా స్నేహితుణ్ణి దిగనివ్వలేదు.

చోళవరం దారి పట్టాక ఎండ నిప్పులు చెరగడం మొదలుపెట్టింది. తారు కరిగి చక్రాలకు అంటుకుంటోంది. కాసేపటికి ఏదో లోటుగా అనిపించింది. ఏమిటా అని చూస్తే, వాడు మాట్లాడటం లేదు. మొహం వంకాయ రంగుకు తిరిగింది, చెమట పట్టడం ఆగిపోయింది. సైకిలు పాములా మెలికలు తిరిగి బాట పక్కకు పోయి పడింది. నేను మైలురాయి కోసం చూడకుండా దూకేశాను. వాణ్ణి లాక్కుపోయి చింతచెట్టు నీడలో పడుకోబెడితే, "అమ్మా, నీళ్లు" అన్నాడు. నన్ను పట్టుకుని అమ్మా అన్నాడంటే పరిస్థితి బాగాలేదని నాకు అర్థమైంది.

బాటకు అవతల తాటాకు పందిరి ఉంది. టౌనులోని ఏ శెట్టిగారో పెట్టించిన చలివేంద్రం. తడిగుడ్డ చుట్టిన కుండల వెనక నుంచి ఒక ముసలామె లేచి చెయ్యి ఊపింది. "రా నాయనా! ఈడికి రండి బంగారూ, చల్లటి మజ్జిగ తాగుదురు గాని!"

నా ఒంటి మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. బంగారూ అంది, నాయనా అంది, మజ్జిగ కూడా అంది. పైగా ముందు కారనోడై దగ్గర ఏటి మీద వంతెన ఉంది. అది పాతదే, కానీ మరమ్మతులకు కూడా పిల్లలు కావాలేమో ఎవరికి తెలుసు? "మాకొద్దు!" అని అరిచాను. ఆమె ముంత పట్టుకుని బాట దాటి వచ్చేసరికి సైకిలు పంపు తీసి కత్తిలా ఎత్తాను. నా స్నేహితుడు ఆ ముంత వైపు నోరు తెరిస్తే, ఎడం చేత్తో వాడి నోరు మూశాను. వాడి కళ్లలో తెల్లగుడ్డు తప్ప మరేమీ కనిపించడం లేదు.

ఆమె ఆగిపోయింది. వాణ్ణి చూసింది, నన్ను చూసింది, పంపును చూసింది. వెనక్కి పోయి ముంత పెట్టేసి, ఆవుల్ని తోలే కర్ర పట్టుకుని తిరిగి వచ్చింది.

"ఏందిరా దొంగ నాయాళ్లారా! ఎవురి సైకిళ్లురా ఇవి? యాడ ఎత్తుకొచ్చినారు?"

"మా నాయనదే అవ్వా!"

"మీ నాయన మూతి! కాలు పెడలుకే అందదు, నీదంట సైకిలు! నడువు పందిట్లోకి. ఆ లావు గుండోణ్ణి కూడా లాక్కురా. నిజం తేలేదాకా కదిలితే కాళ్లిరగ్గొడతా."

నా గుండెల మీంచి పెద్ద బండ దిగింది. పిల్లల్ని పట్టేవాళ్లు లోకంలో ఎక్కడా ఇలా మాట్లాడరు. ఇది అచ్చంగా మా వీధి. వాణ్ణి రెక్కలు పట్టుకుని పందిట్లోకి ఈడ్చుకుపోయాను.

ఆ తర్వాత జరిగినంత ఘోరమైన విచారణ ఏ పోలీసు స్టేషన్లోనూ జరిగి ఉండదు. కుండల కింద తడి ఇసుకలో వాణ్ణి కూలేసి, "చొక్కా ఇప్పు, ఏం దాచినావో చూడాల" అని విప్పించింది. తడిగుడ్డ తెచ్చి, "పారిపోతే గుర్తుపట్టను ఉండాల గదా" అంటూ మెడకూ తలకూ చుట్టింది. "నాకాడ నాటకాలా?" అని నెత్తిన చెంబుడు నీళ్లు కుమ్మరించింది. ఉప్పు వేసిన మజ్జిగ వాడి నోటికి అందించి, "మెల్లగా తాగరా. గటగటా తాగినోడే దొంగ!" అని గదమాయించింది. నేను మెల్లగా తాగి నా నిర్దోషిత్వం నిరూపించుకున్నాను. వాడు కూడా గుక్కకూ గుక్కకూ మధ్య ఆగి ఆగి నిరూపించుకున్నాడు.

చాలాసేపటికి వాడి నల్లగుడ్లు తిరిగి వచ్చాయి. నన్ను గుర్తుపట్టాడు. "నా నోరు మూస్తివి గదరా పాపిష్టోడా" అన్నాడు. ఆ తిట్టు విని నేను ఏడ్చేశాను.

సాయంత్రం గడ్డిబండి ఒకటి వచ్చి ఆగింది. ముసలామె గొంతు వెన్నలా కరిగిపోయి, "రా నాయనా, కూచో" అంది. నేను ఉలిక్కిపడ్డాను. బండివాడు నీళ్లు తాగుతూ, "ఏందవ్వా, నీ తిట్లు ఏటి దాకా వినపడతా ఉండాయి? ఇన్నేళ్లల్లో నీ నోట ఒక్క తిట్టు వినలేదే!" అన్నాడు.

"ఏం చేసేది నాయనా? బెల్లం చూపిస్తే పారిపోయినారు, బెత్తం చూపిస్తే వచ్చినారు" అని ఆమె బోసినోటితో నవ్వింది. తర్వాత నా వైపు తిరిగి, నన్నంత బెదరగొట్టింది ఎవరని అడిగింది. మా అవ్వ అన్నాను. "ఆమెని ఏమనబాకు. నీకు నేను అవ్వనైనా అదే చెప్పుందును" అంది.

సూళ్లూరుపేట మేము చేరనే లేదు. ఆమె మా సైకిళ్లను గడ్డి మీద కట్టించి, మమ్మల్ని అదే బండిలో తిరిగి మద్రాసుకు పంపింది.

మంచి పని చేసేటప్పుడు మంచివాడిలా కనబడాలన్న ఆశ నాకు బాగా ఎక్కువ. ఎదుటివాడు అనుమానంగా చూస్తే చిన్నబుచ్చుకుని, వాడి ఖర్మ అని తిరిగి వచ్చేయాలనిపిస్తుంది. అలా అడుగు వెనక్కి పడే ప్రతిసారీ ఆమె చేతులు కళ్లముందుకు వస్తాయి. నోరు అంతలేసి మాటలు అంటున్నప్పుడు, ఒక చేతిలోనే కర్ర ఉంది. రెండో చెయ్యి వాడి ముక్కు దగ్గర, ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ ఉంది.