విరిగింది నా చీలమండ

నేను జారిపడ్డది బోయిన్‌పల్లి మార్కెట్లో, కుళ్లిన టమాటాల మీద. వాన అప్పుడే వెలిసింది. ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో కొత్తిమీర కట్టలు. పాదం ఒక పక్కకు పోయింది, నేను ఇంకో పక్కకు పడ్డాను. చూసుకుంటే పాదం ఉండాల్సిన తీరులో లేదు, పక్కకు తిరిగి ఉంది. నేను ఆడపిల్లల స్కూల్లో డ్రిల్ టీచర్ని. ఏళ్ల తరబడి పిల్లల కాళ్లు చూసినదాన్ని. బెణకడానికీ విరగడానికీ తేడా నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

అన్నకు ఫోన్ చేశాను. నేను పెళ్లి చేసుకోలేదు. అమ్మానాన్నలు పోయాక బన్సీలాల్‌పేట్‌లో అన్న, వదిన, నేను ఒకే ఇంట్లో ఉంటున్నాం. అన్న పరుగున వచ్చాడు, కాదనను. ఆటోలో నన్ను పడుకోబెట్టి, కాలి కింద తన తువ్వాలు మడిచి పెట్టాడు.

"హాస్పిటల్‌కి పోదాం అన్నా, ఇది విరిగింది," అన్నాను.

అన్న ముందుకు వంగి ఆటో అతనికి చెప్పాడు: "మేడ్చల్ దిక్కు పోనియ్. ఆడ కట్టు కట్టేటాయన ఉన్నడు."

"ఏందన్నా, నేను చెప్తుంటె..."

"నీకేం ఎర్కలేదు, ఊకో. నా చెయ్యి ఇరిగితే కట్టుతోనే అతికింది. హాస్పిటల్‌కి పోతే కోస్తరు, లోపట ఇనుము పెడ్తరు. ఇగ జిందగీ మొత్తం తక్లీఫే."

అన్న చెయ్యి విరిగింది నా చిన్నప్పుడు. విరగడం కూడా కాదు, మణికట్టు దగ్గర చిన్న పగులు. కట్టు కట్టకపోయినా అతికేదేమో. కానీ అప్పటినుంచి మా చుట్టాల్లో ఎముకల మీద ఆఖరి మాట ఆయనదే. ఎవరి పిల్లాడు గోడ మీదనుంచి పడ్డా ఫోన్ మా ఇంటికే వస్తుంది.

కట్టు కట్టేటాయన "పండ్లు గట్టిగ బిగవట్టు అమ్మా" అని పాదాన్ని ఒక్క గుంజు గుంజాడు. నా అరుపుకు బయట వరుసలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారట. కోడిగుడ్డు సొన, మినప్పిండి పూసి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు. అన్న నా భుజాలు అదిమి పట్టుకుని "అయిపోయింది, అయిపోయింది" అంటూనే ఉన్నాడు. ఏం అయిపోయింది? అప్పుడే షురూ అయింది.

కొన్ని రోజులకు కట్టు బయట ఉన్న వేళ్లు నేరేడుపండ్ల రంగుకు తిరిగాయి. అన్న "వాపు గుంజుతుంది, మంచిదే" అన్నాడు. ఆయన పనికి పోగానే వదిన వంటింట్లోంచి కత్తెర తెచ్చి కట్టు కోసేసింది. కింద చర్మం అంతా నీటి బొబ్బలు. "మీ అన్నకు నేను చెప్పుకుంట, నువ్వు లెవ్వు," అంది. నన్ను హాస్పిటల్‌లో చేర్పించింది వదినే.

డాక్టర్ ఎక్స్‌రే లైటు ముందు పెట్టి "పేషెంట్ తరఫున ఎవరు?" అని అడిగాడు. అప్పటికి అన్న వచ్చేశాడు, ముందుకు జరిగాడు. ఇక డాక్టర్ అంతా ఆయనకే చెప్పాడు. చీలమండకు రెండు పక్కలా ఎముక విరిగింది, కీలు పక్కకు జరిగింది. ఒక పక్క ప్లేటు, ఇంకో పక్క స్క్రూలు వెయ్యాలి. కానీ ఇప్పుడు కోస్తే గాయం మూసుకోదు. బొబ్బలు ఎండాలి, వాపు తగ్గి చర్మం ముడతలు పడాలి, అప్పుడే ఆపరేషన్. వాళ్లిద్దరి మధ్య మంచం మీద నేనున్నాను. కాలు నాది. చెవులు కూడా బాగానే పనిచేస్తున్నాయి.

"మంచి ప్లేట్ వెయ్యండి సార్. ఇంపోర్టెడ్‌ది," అన్నాడు అన్న. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నాకు ఒళ్లు మండింది.

ఇంక రోజూ కాలు దిండ్ల మీద ఎత్తిపెట్టుకుని ఎదురుచూడటం. పొద్దున్నే డాక్టర్ వచ్చి చర్మం వేలితో నొక్కి చూసేవాడు. ముడతలు పోవాలని క్రీములు రాసుకునే వయసులో ముడతల కోసం ఎదురుచూసింది నేనొక్కదాన్నే అయ్యుంటాను. లోపల ఎముక తప్పుడు చోట కుదురుకుంటోందన్న భయం నాది. చూడటానికి వచ్చిన చుట్టాలు మాత్రం నన్ను కాదు, అన్నను ఓదార్చారు. "పాపం, ఎంత తిరుగుతున్నడో చెల్లె కోసం."

నడుం కింద మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి ఆపరేషన్ చేశారు. నొప్పి లేదు, చప్పుడు మాత్రం అంతా వినిపించింది. గోడకు ఫోటో తగిలించేటప్పుడు వచ్చే డ్రిల్లు చప్పుడే. ఒక్కో స్క్రూ దిగుతుంటే అన్నను ఒక్కో తిట్టు తిట్టుకున్నాను. పైకే తిట్టానేమో, "నొప్పిగా ఉందా మేడమ్?" అని నర్సు అడిగింది.

తర్వాత వాకర్, ఫిజియోథెరపీ, మెల్లగా నడక. స్కూల్లో నన్ను తాత్కాలికంగా లైబ్రరీలో కూర్చోబెట్టారు. కిటికీలోంచి గ్రౌండ్ కనిపిస్తుంది. రిలే పందెంలో బేటన్ అందుకునే పిల్ల ముందే ఉరకడం మొదలుపెట్టాలి. ఆ పిల్ల పక్కనే ఉరుకుతూ నేర్పితే తప్ప అది రాదు, నోటితో చెప్తే రాదు. ఉరకలేని డ్రిల్ టీచర్ ఎవరికి కావాలి? మళ్లీ ఉరకగలనా లేదా, నాకు తెలియాల్సింది ఆ ఒక్కటే.

చివరిసారి చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టర్ అన్నతో "అతికింది. నడకకు ఇబ్బంది లేదు," అన్నాడు.

"నడుస్తె చాలు సార్. గీ వయసుల ఇంక ఉరుకుడు ఎందుకు?" అన్నాడు అన్న. ఇద్దరూ నవ్వారు.

"అన్నా, నువ్వు జెర బయట కూసో," అన్నాను.

ఆడవాళ్ల సంగతేదో అడుగుతాననుకుని సిగ్గుపడి లేచిపోయాడు. తలుపు పడ్డాక, ఉరకొచ్చా అని అడిగాను. డాక్టర్ మొదటిసారి నా మొహం చూశాడు. కీలులోని మెత్తటి పొర దెబ్బతిందని, మొదట్లోనే సర్జరీ అయ్యుంటే అవకాశం మెరుగ్గా ఉండేదని చెప్పాడు. "పరుగు మాత్రం వద్దమ్మా. ఇక ముందు కూడా."

ఇంటికి పోతుంటే ఆటోలో అన్న అడిగాడు. "ఏమన్నడే?"

"ఉరకొద్దన్నడు. ఎప్పటికీ."

"గంతేనా?" గట్టిగా ఊపిరి వదిలాడు. "ఇంకేమన్నడో అని పరేషాన్ అయిన." నా మోకాలు తట్టాడు. ప్రేమగానే తట్టాడు.

ఆటో ఆపమన్నాను. దిగి, రోడ్డు అంచున నడవడం మొదలుపెట్టాను. అన్న ఆటోను నా పక్కనే మెల్లగా పోనిమ్మన్నాడు.

"ఏమైందే? ఎక్కు చెల్లె, కాలు నొస్తది. అందరు చూస్తున్నరు."

ఒక్క ఉరుకు ఉరికి, ఆయన గొంతు వినపడనంత దూరం పోవాలనిపించింది. నేను కుంటుతూ నడుస్తూనే ఉన్నాను. ఆటో నా పక్కనే వస్తూనే ఉంది.