నర్సింలు ఎడమ బూటు

2010 వానాకాలం మొదట్లో నన్ను మెదక్‌లో పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటర్‌కు ఏరియా మేనేజరుగా వేశారు. సరళీకరణ తర్వాత పాల వ్యాపారంలోకి ప్రైవేటువాళ్ళను రానిచ్చినప్పుడు పుట్టిన కంపెనీల్లో మాదొకటి. దాని పేరు రాయను. అది చేతులు మారి చాలా కాలమైంది.

ఏరియా మేనేజరు కింద రూట్ సూపర్‌వైజర్లు ఉంటారు. పల్లెల్లో పాలు పోయించుకునే కేంద్రాలను వరసగా కలిపే దారిని మేము రూట్ అంటాం. ఒక్కో రూట్‌కు ఒక సూపర్‌వైజరు. అతను పొద్దున్నే మోటారు సైకిలు తీసి, క్యాన్ల బండి కంటే ముందే ఊరు చేరాలి. లాక్టోమీటరు ముంచి పాలలో నీళ్ళు కలిశాయేమో చూడాలి. శాంపిల్ సీసాలు నింపుకుని, తర్వాతి ఊరికి పోవాలి. వాన పడినా, దారి తెగినా పాలు ఆగవు కనుక అతనూ ఆగడానికి లేదు.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. బంద్ అంటే బస్సు కదిలేది కాదు. పాల బండిని మాత్రం ఎవరూ ఆపేవారు కాదు. ముందు 'పాలు' అని రాసిన అట్ట కనిపిస్తే రాస్తారోకోలో కూర్చున్నవాళ్ళే లేచి రాళ్ళు జరిపేవారు. మా సూపర్‌వైజర్లలో కొందరు డ్యూటీ దిగాక వెళ్ళి వాళ్ళ పక్కనే కూర్చునేవారు. అయితే జనం లేచిపోయాక కూడా రోడ్డు మీద కంకర, విరిగిన కొమ్మలు, కాలిన టైర్లలోంచి మిగిలిన ఇనుప తీగలు ఉండిపోయేవి. మర్నాడు పొద్దున వాటి మీదుగా మొదట వెళ్ళే బండి మాదే.

నేను చేరిన రెండో నెలలో హెడ్డాఫీసు నుంచి బూట్లు వచ్చాయి. నల్లగా నిగనిగలాడుతూ, మడమ మీద కంపెనీ ముద్రతో ఉన్నాయి. వెంటే సర్క్యులర్. డ్యూటీలో ఈ బూట్లు తొడుక్కోనివారికి పెట్రోలు భత్యం ఆపేస్తామని అందులో ఉంది. మరో కాగితం కూడా వచ్చింది. మా భాషలో దాన్ని ట్రయల్ రిపోర్టు అంటారు. కొత్త వస్తువేదైనా మొత్తం కొనేముందు నలుగురైదుగురికి ఇచ్చి ఒక నెల వాడించి, బాగోగులు ఏరియా మేనేజరు రాసి పంపాలి. ఇక్కడ సరుకు ముందు వచ్చింది, రిపోర్టు తర్వాత వచ్చింది. కొనుగోళ్ళు చూసే పర్చేజ్ మేనేజరు ఫోన్ చేసి, ఫైలు పూర్తి కావాలి, సంతకం పెట్టి పంపండి అన్నాడు. 'వాడి చూశాము, సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టాను. పెట్టె మూత తీసి ఒక్క బూటు కూడా వంచి చూడలేదు. ఇది నేను దాచుకోదలచుకోలేదు.

మూడు వారాలు గడిచాయో లేదో, సూపర్‌వైజర్లు వచ్చి నిలబడ్డారు. వాళ్ళ ముందు నర్సింలు. నర్సాపూర్ వైపు రూటు అతనిది. మనిషి సన్నగా, మాట నెమ్మదిగా ఉండేవాడు.

"సార్, గీ బూట్లు నీళ్ళు తాగుతున్నయ్. అడుగు ఊడొస్తుంది. నా పాత చెప్పులే నయం."

చెప్పులేసుకుంటే భత్యం ఆగుతుందని చెప్పాను. హెడ్డాఫీసుకు రాస్తానన్నాను. రాశాను కూడా. బూట్లను ఎండలో ఆరబెట్టి, పాలిష్ చేసి సరిగా వాడుకోమని జవాబు వచ్చింది. నర్సింలు ఎడమ బూటుకు బంక పెట్టి, పైనుంచి సైకిలు ట్యూబు ముక్క కట్టుకున్నాడు. రోజూ నా కళ్ళ ముందే అలా వెళ్ళేవాడు.

ఒక బంద్ మర్నాడు పొద్దున, నర్సాపూర్ అడవి దారిలో మలుపు దగ్గర టైరు తీగలు కుప్పగా పడి ఉన్నాయి. వాటిని తప్పించబోతే బండి కంకర మీద జారి ఎడమ పక్కకు పడింది. కాలు బండి కింద ఉండిపోయింది. గేరు కడ్డీ పాదం పైభాగంలో దిగింది. అడుగు ఊడిపోయిన బూటులోంచి వేళ్ళు బయటికొచ్చి, బండితో పాటు రోడ్డు మీద రాసుకుపోయాయి. వెనకే వస్తున్న మా క్యాన్ల బండివాళ్ళే ఎత్తుకుని దవాఖానకు తెచ్చారు.

నేను వెళ్ళేసరికి కాలికి తెల్లగుడ్డ చుట్టి ఉంది. రెండు వేళ్ళు మిగలవని డాక్టరు చెప్పాడు. చీలమండ కప్పి, ముందు గట్టిగా ఉండే బూటు అయితే వాపుతో పోయేదని కూడా అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు.

ఉద్యోగి డ్యూటీలో గాయపడితే ఏరియా మేనేజరు ప్రమాద నివేదిక పంపాలి. అందులో ఒక గడి ఉంటుంది: ప్రమాద సమయంలో కంపెనీ ఇచ్చిన పాదరక్షలు ధరించారా? 'అవును' అయితే వైద్యం ఖర్చు, సెలవు జీతం కంపెనీవి. 'లేదు' అయితే నిబంధన ఉల్లంఘన కిందికి వస్తుంది, అతని బాధ అతనిదే.

రెండు రోజుల తర్వాత పర్చేజ్ మేనేజరు హైదరాబాదు నుంచి కారులో వచ్చాడు. నా గదిలో కూర్చుని టీ తాగుతూ, "లేదు అని రాయండి. మీకూ మంచిది. ఆ బూట్లు బాగున్నాయని రాసింది మీరే కదా," అన్నాడు.

బెదిరింపు అంత నెమ్మదిగా చేయవచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఆలోచిస్తానన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ అసహ్యమే. ఆలోచించడానికి ఏముంది?

ఆ మాటలు మా గుమస్తా విన్నాడు. అతను చెప్పినట్టున్నాడు, మర్నాడు పదకొండింటికి నర్సింలు భార్య మణెమ్మ ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలోని ప్లాస్టిక్ సంచిలోంచి బూటు తీసి నా బల్ల మీద, ఆ నివేదిక మీదే పెట్టింది. ట్యూబు ముక్క ఇంకా దానికి కట్టే ఉంది. లోపల రక్తం ఎండి నల్లబడింది.

"మా ఆయన బూట్లు ఏసుకోలేదని రాస్తున్నరట గద సార్. మరి గిది ఎవరిది? గీ నెత్తురెవరిది?"

నేను ఏదో అనబోయాను.

"మీ మాట ఇననీకి రాలే. దవాఖానల ఆయన ఒక్కడే ఉన్నడు, పోవాలె. మీరు రాసేది నా ముంగట రాయుండ్రి."

ఆమె ముందే రాశాను. గడిలో 'అవును' అని రాసి, కింద మరో కాగితం జతచేశాను. బూటు అడుగు కుట్టలేదనీ, బంకతో అతికించారనీ రాశాను. ఫిర్యాదు వచ్చిన తేదీ రాశాను. ట్రయల్ చేయకుండానే చేశామని నేను అబద్ధం రాశాననీ రాశాను. మణెమ్మకు చదివి వినిపించాను. ఆమె బూటు మళ్ళీ సంచిలో పెట్టుకోబోతే, అది సాక్ష్యంగా కావాలని అడిగాను. బల్ల మీదే వదిలిపెట్టి వెళ్ళిపోయింది.

హెడ్డాఫీసులో విచారణ జరిగింది. తప్పుడు రిపోర్టు ఇచ్చినందుకు నాకు ఒక ఇంక్రిమెంటు ఆపారు. అది న్యాయమే. దాని మీద సంతకం పెట్టించుకున్న పర్చేజ్ మేనేజరుకు ఏమీ కాలేదు. సమావేశంలో అతను నా పక్కనే కూర్చుని బిస్కట్లు తిన్నాడు. నేను బల్ల మీద చెయ్యి గట్టిగా చరిచి, ఆ బూట్లు తొడుక్కుని ఒక్క పొద్దున మా నర్సాపూర్ రూట్లో బండి నడపమన్నాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో గొంతు పెంచింది అదొక్కసారే. నర్సింలు వైద్యం మాత్రం కంపెనీ భరించింది. కొత్త బూట్లు మీరే ఎంచుకోండని నా నెత్తిన పడేశారు. శిక్షగానే వేసి ఉంటారు.

రాందాస్ చౌరస్తా దగ్గర ఖాజా భాయ్ అనే పెద్దాయన బూట్లు కుట్టేవాడు. ఎవరికీ ఇవ్వకుండా మిగిలిన మా బూటు ఒకటి తీసుకెళ్ళి ఇచ్చాను. కత్తితో ముందుభాగం కోసి, లోపలి పొర పీకి నా అరచేతిలో పెట్టాడు.

"అట్ట సాబ్ గిది. తడిస్తే రొట్టె లెక్క అయితది. పైన తోలు గాదు, పూత. గిది దుకాణంల పెట్టనీకి మంచిది, కాళ్ళకు గాదు."

బండి నడిపేవాడి బూటు ఎలా చూడాలో ఆయనే నేర్పాడు. అడుగు చుట్టూ కుట్టు కనబడాలి. రెండు చేతులతో పట్టి పిండితే మెలిక పడకూడదు. మడమను బొటనవేలితో నొక్కితే లోపలికి పోకూడదు. చీలమండ ఎముక పూర్తిగా మునగాలి. లేసులు వేలాడితే గేరు కడ్డీకో చైనుకో చిక్కుతాయి కనుక వాటి మీద తోలు రెక్క ఉండాలి. ఎడమ బూటు పైన, కడ్డీ ఒరుసుకునే చోట, మరో తోలు ముక్క వేయాలి.

ఫ్యాక్టరీల్లో వాడే, వేళ్ళ మీద ఇనుప టోపీ ఉండే బూట్లు తెప్పించాను. అవే గట్టివని నా నమ్మకం. రెండో రోజే ఒక సూపర్‌వైజరు విసిరికొట్టినంత పని చేశాడు.

"కాలు కడ్డీ కిందికి పోతలేదు సార్. గేరు పడ్డదో లేదో తెలుస్తలేదు. గిది ఏసుకుంటే దినాం పడుడే."

అతను చెప్పింది నిజం. నేనూ తొడుక్కుని బండి ఎక్కి చూశాను. ముందుభాగం పలచగా, గట్టిగా ఉన్న మరో రకం దొరికింది. పాలు ఒలికి జిడ్డుగా ఉన్న మా సెంటరు గచ్చు మీద నడిచి చూశాం. బకెట్టులో ఒక రాత్రంతా నానబెట్టాం. నెల రోజులు వానలో నాలుగు రూట్లలో వాడారు. నడిపినవాళ్ళు ఒక్కొక్కరూ తమ చేత్తో రాసి సంతకం పెట్టాకే నేను పెట్టాను. ఖాజా భాయ్ ఎడమ బూట్లన్నిటికీ తోలు ముక్క కుట్టాడు.

నర్సింలు నాలుగు నెలల తర్వాత తిరిగి వచ్చాడు. బండి నడపలేడు కనుక పాలు దించుకునే చోట తూకం దగ్గర వేశాం. అందరితోపాటు అతనికీ ఒక జత తీసిపెట్టాను. ఎడమ దాంట్లో వేళ్ళు లేనిచోట మెత్త పెట్టి సరిచేస్తానని ఖాజా భాయ్ ఒప్పుకున్నాడు కూడా. జత తీసుకెళ్ళి ఇచ్చాను. నర్సింలు ముట్టుకోలేదు.

"గప్పుడు ఇయ్యాల్సింది సార్. గిప్పుడు నాకెందుకు? బండెక్కేటోళ్ళకు ఇయ్యుండ్రి."

కోపంగా కూడా అనలేదు. కాటా వైపు తిరిగి తన పని చూసుకున్నాడు. ఆ తర్వాత మా మధ్య పని మాటలు తప్ప వేరే మాటలు జరగలేదు.

మోటారు సైకిలు నడిపేవారి బూటు బల్ల దగ్గర కూర్చుని ఎంచేది కాదు. తడిలో, జిడ్డులో, గేరు కడ్డీ మీద, నడిపేవాడి కాలికి తొడిగి చూడనిదే అది బాగుందని ఎవరూ రాయకూడదు. నేను రాశాను. ఆ రాతకు నా ఇంక్రిమెంటు ఒకటి పోయింది, నర్సింలు వేళ్ళు రెండు పోయాయి. రాయించినవాడు ప్రమోషను మీద వెళ్ళాడు. నేను రిటైరై ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు. చల్లార్చుకోవాలని ప్రయత్నించనూ లేదు.