పడవలు లేవన్న జావా

ఆ రోజుల్లో మాకు కంఠతా రావడం, అర్థం కావడం రెండూ ఒకటే. విడవలూరు దగ్గర సముద్రపుటొడ్డు పల్లె నుంచి నెల్లూరికి వచ్చి ఇంజనీరింగులో చేరిన నేను జావా అనే కంప్యూటర్ భాష పాఠాలన్నీ అప్పజెప్పగలిగేదాన్ని. ఆ ధీమాతోనే ల్యాబ్ పరీక్షకు వెళ్లాను. అది తప్పితే క్యాంపస్ ఇంటర్వ్యూల గుమ్మం కూడా తొక్కనివ్వరు.

ఏదైనా ఒక వస్తువుకు క్లాసు, అంటే దాని నమూనా రాసి, అలాంటివి ఐదింటి వివరాలు తెరమీద చూపించమన్నారు. అందరూ స్టూడెంటనీ, బ్యాంక్ అకౌంటనీ రాస్తుంటే, మాది పడవల మీద బతికే ఇల్లు కాబట్టి నేను 'పడవ' అని రాశాను (ఇంగ్లీషు అక్షరాల్లోనే లెండి). ఐదు పడవలకు వరస కట్టి, పేర్లు పెట్టి, రన్ నొక్కాను. తెరమీద ఎర్రగా 'నల్ పాయింటర్ ఎక్సెప్షన్' అని పడింది. అంటే, నువ్వు చూపించిన చోట ఏమీ లేదు పొమ్మని. ఏమీ లేకపోవడమేమిటి, అన్ని పడవలు పెట్టుకుని! పేర్లు మార్చాను, మూసి తెరిచాను. పక్క సీటు స్నేహితురాలు (ఏ జబ్బుకైనా ఒకే మందు చెబుతుందని దాన్ని 'సెమీకోలన్' అనేవాళ్లం) "సెమీకోలన్ చూడు మే" అని గొణిగింది. వాక్యం చివర పెట్టాల్సిన ఆ గుర్తులన్నీ ఉన్నాయి. అనుమానం తీరక ఇంకోటి పెట్టాను. జావా పట్టించుకోలేదు.

ఇంతలో బయటి కాలేజీ నుంచి పరీక్ష పెట్టడానికొచ్చిన సారు నా వెనక నిలబడ్డారు. "ఏందమ్మా, అయిందా?"

"ఈ కంప్యూటర్లో ఏందో రిపేరుండాది సార్. పడవలుండాయి, లేవంటా ఉండాది."

"యాడుండాయి?"

"ఇదో సార్, ఐదు."

"అయి పడవలు కాదమ్మా, పడవలు పెట్టుకునే చోట్లు. ఒక్క పడవన్నా చేసినావా?"

"మా నాయనకుండాది సార్," అన్నాను. ఎందుకన్నానో ఈనాటికీ తెలియదు. ల్యాబంతా గొల్లుమంది.

సారు నవ్వాపుకున్నారు. "ఆ పడవ జావాకి కనపడదు గదా తల్లీ! కొత్తది చెయ్యమని 'న్యూ' రాసినావా?"

"మొదట్లోనే రాసినా సార్, అదో."

"అది చోట్లకి. ఒక్కో పడవకీ మళ్లా రాయాల."

అర్థమైందనుకుని పేర్లు పెట్టేటప్పుడొకసారి, చూపించేటప్పుడు ఇంకోసారి 'న్యూ' అని రాశాను. ఈసారి ఎర్ర అక్షరాలు పోయాయి. పేర్లు కూడా పోయాయి. పేరు పెట్టిన పడవలను పక్కకు నెట్టి, పేరులేని కొత్త పడవలు వచ్చి కూర్చున్నాయట. నాకు తల తిరిగిపోయింది.

"చాలమ్మా, ఇంక పడవలు చెయ్యబాక!" అంటూ సారే చివరి 'న్యూ' మీద వేలు పెట్టారు. అది తీసేయగానే ఐదు పేర్లూ వరసగా వచ్చాయి. అత్తెసరు మార్కులతో గట్టెక్కాను.

ఇప్పుడు చెన్నైలో ఆ జావాతోనే బతుకుతున్నాను. ఎర్ర అక్షరాలు కనబడగానే తప్పు నాదేనని ముందే ఒప్పుకుని, తలొంచుకుని వెతుక్కుంటాను. పనీ త్వరగానే తెములుతుంది. కానీ ఏమీ తెలియకపోయినా, రిపేరు కంప్యూటర్‌దేనని పరీక్ష పెట్టే సారుతోనే వాదానికి దిగిన ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడు మాత్రం, అంత ధైర్యం మళ్లీ ఎప్పుడొస్తుందా అని నాలో నేనే నవ్వుకుంటాను.