మొదటి చెంచా

భాగ్య ముక్కు గురించి ముందే చెప్పాలి. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే గడప దగ్గర నిలబడే ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేది. చుక్క కూడా నాలుక మీద వేసుకునేది కాదు. పదిహేడేళ్ళప్పుడు కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి పులుసు ఎలా ఉందోనని గరిటె అంచు నాకి చూసింది. అత్త లక్ష్మీనర్సమ్మ ఆమె చేతిలోంచి గరిటె లాక్కుని, "దేవునికి పెట్టకముందే నోట్ల పెడతవా? ఎంగిలైతది, గింత తెల్వదా?" అంది. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళుగా భాగ్య వాసనతోనే వండింది. ఆ ముక్కు ఆమెను పెద్దగా మోసం చేసిందీ లేదు.

ఇంత విద్య ఉన్న మనిషి పొట్టకూటికి చేసేది మాత్రం గిన్నెలు తోమడం. ఆబిడ్స్‌లో విజయేందర్ నడిపే హోటల్ వెనక, నల్లా పక్కన, పదకొండేళ్ళుగా అదే పని. పొయ్యి దగ్గర పెట్టమని రెండుసార్లు అడిగింది. "ఇయ్యాల రేపు కోర్సు చదివినోళ్ళకే పొయ్యి ఇస్తున్నరమ్మా" అని ఆయన నవ్వి తప్పించుకున్నాడు. చెడ్డవాడేం కాదు. ఎక్కడి మనుషులు అక్కడ ఉంటే తనకు తలనొప్పి ఉండదనుకునే రకం. చెడ్డవాళ్ళతోనైనా పోట్లాడొచ్చు గానీ ఇలాంటివాళ్ళతో ఏం చేస్తాం?

ఈ జనవరిలో ఆయన నాంపల్లిలో ఏటా జరిగే ఎగ్జిబిషన్, నుమాయిష్‌లో థాయ్ వంటల స్టాల్ తీసుకున్నాడు. నలభై ఐదు రోజుల కోసం ఆ దేశం నుంచి సోంజిత్ అనే వంటమనిషిని రప్పించాడు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఆమె గిన్నెలు తోమడానికి భాగ్యను పంపాడు.

మొదటిరోజు మధ్యాహ్నం, ఇంకా గేట్లు తెరవకముందు, సోంజిత్ ఒక పచ్చి బొప్పాయిని అరచేతిలో పట్టుకుంది. కత్తితో టకటకా గాట్లు పెట్టి ఒక్కసారి కిందికి గీసింది. సేమ్యాలా సన్నటి పోగులు రాలాయి. ఆమె చూపు చేతిమీద లేనే లేదు, గేటు వైపు ఉంది. భాగ్య నోరు తెరిచి చూస్తూ తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. ఆ తర్వాత రోట్లో వెల్లుల్లి, మిరపకాయలు దంచుతూ, చప్పుడు కాస్త మెత్తబడగానే సోంజిత్ రోకలి ఆపేసింది. లోపలికి తొంగి కూడా చూడలేదు. ముక్కుతో వండే తనలాగే చెవితో వండే మనిషి ఒకరు ఈ భూమ్మీద ఉన్నారని భాగ్యకు ఒళ్ళు జలదరించింది.

ఇద్దరికీ కలిసే భాష లేదు. సోంజిత్ ఇంగ్లిష్ అంతంత మాత్రం, భాగ్యకు ఆపాటి కూడా రాదు. అందుకని పనే పలక అయింది. సోంజిత్ రోకలి ఎత్తి "తమ్" అంటే, భాగ్య "దంచుడు" అనేది. మూకుడులో తిప్పుతూ "ఫట్" అంటే "ఏంచుడు". నూనెలో వేసి "తోత్" అంటే "గోలిచ్చుడు". పదిరోజులు తిరిగేసరికి ఆమె "జర, జర" అంటూ ఉప్పు అడగడం నేర్చింది. ఈమె ఆమెను "సోమక్కా" అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పదాలు విన్నకొద్దీ భాగ్యకు ఒకటే ఆశ్చర్యం. సముద్రం అవతల ఎవరో చేసే ప్రతి పనికీ తన దగ్గరా ఒక మాట ఉంది. మరి ఇన్నాళ్ళూ తనకేమీ రాదనుకుందే.

ఒక్క "ఒప్" దగ్గర మాత్రం భాగ్య మాటలు అయిపోయాయి. ఉడికిన పెసరపప్పును మెత్తగా రుబ్బి, గుడ్లు, కొబ్బరిపాలు, తాటిబెల్లం కలిపి, పొయ్యి మీద చిక్కబడేదాకా తిప్పి, చివర్లో కాస్త ఉప్పు వేసి, సోంజిత్ దాన్ని ట్రేలో పోసి ఓవెన్‌లో పెట్టింది. భాగ్య గాజుతలుపు ముందు గొంతుక్కూర్చుంది. మంట కనబడదు, గరిటె పెట్టేవాళ్ళు లేరు, అయినా ఆ పసుపు ముద్ద తనంతట తానే ఉబ్బి ఎర్రబడింది. గుళ్ళో హారతి చూసినట్టు చూసింది. పైన గోలించిన ఉల్లిగడ్డలు చల్లితే మాత్రం నవ్వాగలేదు, మిఠాయి మీద ఉల్లిగడ్డలేంటని. గిరాకులంతా తిన్నాక మిగిలిన ముక్క నోట్లో వేసుకుని, నవ్వినందుకు సిగ్గుపడింది.

గిరాకీ చూసి విజయేందర్‌కు ఆశ పుట్టింది. నుమాయిష్ అయ్యాక ఆబిడ్స్‌లో కూడా ఈ వంటలు పెడతానన్నాడు. భాగ్య మూడోసారి అడిగింది. ఈసారి ఆయన తప్పించుకోలేకపోయాడు.

"సరే. ఆ పెసరపప్పు మిఠాయి నువ్వొక్కదానివే చేసి చూపియ్. మంచిగుంటే పొయ్యి నీది. లేకుంటే కోర్సు చదివినోళ్ళని పిలుస్త. మల్ల నన్ను అడగొద్దు."

సరిగ్గా అప్పుడే సోంజిత్ నేర్పడం మానేసింది.

కారణం ఒక చెంచా. వండుతున్న ప్రతిదాన్నీ పదిసార్లు రుచి చూడడం సోంజిత్ పద్ధతి. ప్రతిసారీ కొత్త చెంచా తీసి "చిమ్" అని భాగ్య నోటి ముందు పెట్టేది. భాగ్య నవ్వుతూ వాసన చూసి, తల పక్కకు తిప్పుకునేది. ఇరవై రోజులు ఓపిక పట్టిన సోంజిత్ ఇరవై ఒకటో రోజు చెంచాను గిన్నెలో పడేసి అటు తిరిగింది. తర్వాత రెండు రోజులు ఒక్క మాట లేదు.

"తన వంటంటే నీకు అసహ్యమనుకుంటుంది ఆమె. నోట్ల పెట్టవంట గద" అన్నాడు విజయేందర్.

"అయ్యో, గట్లెట్లంట సార్. ఇంక దేవునికి పెట్టలే, మందికి పెట్టలే, ముందుగాల నేనెట్ల నోట్ల పెట్టుకుంట? జర మీరే చెప్పున్రి."

ఆయన ఇంగ్లిష్‌లో చెప్పాడు. సోంజిత్ ఒక చిన్న గిన్నె తీసి తుడిచింది. మరుగుతున్న పులుసులోంచి మొదటి చెంచా అందులో పోసి, గూట్లో ఎత్తుగా పెట్టి, చేతులు జోడించింది. తన తల్లి కూడా మొదటి గరిటె భిక్షువులకు తీసి పెట్టేదట. దాన్ని ఎవరూ ముట్టకూడదు. ఆ తర్వాతే వండిన మనిషి రుచి చూడాలి. చూడకుండా జనానికి పెట్టడమే తప్పని ఆమె అమ్మ మాట. విజయేందర్ ఇదంతా తెలుగులో చెబుతుంటే భాగ్య గూట్లో గిన్నెను చూస్తూ నిలబడింది. ఇరవై రెండేళ్ళ ముడి ఇంత చిన్న గిన్నెతో విడిపోయింది. అయినా ఆ రోజు చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సోంజిత్ కోప్పడలేదు, మళ్ళీ మాటలు చెప్పడం మొదలుపెట్టింది.

పరీక్షరోజు రానే వచ్చింది. సోంజిత్ వెంట తెచ్చుకున్న బెల్లం అయిపోవడంతో అఫ్జల్‌గంజ్ నుంచి కొత్త తాటిబెల్లం తెప్పించారు. భాగ్య పప్పు రుబ్బింది, అన్నీ కలిపింది, చిక్కబడేదాకా తిప్పింది. ఉప్పు వేయడమే మిగిలింది. పిడికిట్లో ఉప్పు పట్టుకుని వంగి వాసన చూసింది. అంతా బాగుందంది ముక్కు.

ఆమె ఉప్పు వేయలేదు. మొదటి చెంచా చిన్న గిన్నెలోకి తీసి గూట్లో పెట్టి దండం పెట్టుకుంది. రెండో చెంచా చల్లార్చి, కళ్ళు మూసుకుని, నోట్లో పెట్టుకుంది.

ఉప్పగా ఉంది. ఇంకా ఉప్పు వేయనే లేదు. కొత్త బెల్లంలోనే ఉప్పదనం ఉంది, ఆ సంగతి ముక్కుకు అందలేదు. పిడికిట్లో ఉప్పు వేసి ఉంటే అంతా మట్టికొట్టుకుపోయేది. భాగ్యకు భయం వేయలేదు, అబ్బురమనిపించింది. ముప్పై తొమ్మిదేళ్ళుగా తన నోట్లోనే ఉన్న నాలుక తనతో ఇప్పుడే మొదటిసారి మాట్లాడింది. ఉప్పు డబ్బాలో పోసి, కాసిని కొబ్బరిపాలు చేర్చి, మళ్ళీ చూసి, ట్రే ఓవెన్‌లో పెట్టింది.

ఇంతసేపూ పక్కనుంచి అంతా గమనించిన సోంజిత్ గంట తర్వాత ముక్కలు కోసింది. మరిగే నీళ్ళను కూడా రుచి చూసే ఆ మనిషి దీన్ని చూడలేదు. తిన్నగా విజయేందర్ చేతికి ప్లేటు ఇచ్చింది. ఆయన ఒక ముక్క తిన్నాడు, ఇంకోటి తీసుకున్నాడు, అప్పుడు అనుమానం వచ్చి అడిగాడు, నువ్వు రుచి చూడకుండానే నాకిచ్చావేమని.

సోంజిత్ భాగ్య వైపు చెయ్యి చూపింది.

"ఆమె చూసింది" అంది.