ఇరవై మూడో ఆధారం

పదకొండేళ్లుగా ఒక మనిషి పేరు నా లోపల బరువై కూర్చుంది. దాన్ని దించుకోవాలని నేనెప్పుడూ గట్టిగా చూడలేదు. దాన్ని మోస్తూనే తిన్నాను, పాఠాలు చెప్పాను, పెళ్లి చేసుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

నేను చేసిన తప్పేమిటో వింటే మొదట మీకు నవ్వొస్తుందేమో. ఒక పరిశోధన వ్యాసం చివర ఉండే రెఫరెన్సుల జాబితాలోంచి ఒక పేరు తీసేశాను. అంతే.

అంతేనా?

అప్పుడు నేను కర్నూలులో పరిశోధక విద్యార్థిగా ఉన్నాను. మా విభాగంలో రెఫరెన్సుల పనంటే అందరూ నన్నే పిలిచేవాళ్లు. ఇంటిపేరు ముందా అసలు పేరు ముందా, సంవత్సరం ఎక్కడ, కామా ఎక్కడ, చుక్క ఎక్కడ, ఒక్కో పత్రికది ఒక్కో పద్ధతి. అవన్నీ నాకు కంఠతా వచ్చు. సొంతంగా రాసే శక్తి లేనివాడికి ఇతరులది సర్దే ఓపిక వస్తుంది. ఆ ఓపిక మీద నాకు గర్వం కూడా ఉండేది.

మా గైడు సారు దగ్గరే సుంకులమ్మ కూడా పరిశోధన చేసేది. ఎమ్మిగనూరులో నేతపని చేసే ఇంటి పిల్ల. నన్ను అన్నా అనేది. వాళ్ల అవ్వ గుంట మగ్గంలో కూర్చుని నేస్తుంటే ఈమె గట్టు మీద కూర్చుని మగ్గం మాటలు ఒక్కొక్కటే నోటుపుస్తకంలోకి ఎక్కించేది. మాటలు ఎవరైనా ఏరుకొస్తారు. ఆమె వాటిని కాలి మాటలు, చేతి మాటలు, కంటి మాటలు అని విడదీసింది, నేసేవాళ్ల ఒంట్లో ఏ భాగం కదిలితే ఏ మాట పుట్టిందో గమనించి. ఆ అధ్యాయం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. నాలుగేళ్లు లైబ్రరీలో కూర్చున్నా అలాంటి ఆలోచన నాకు ఒక్కటి రాలేదు.

సారు ఇంగ్లీషులో ఒక పెద్ద పత్రికకు వ్యాసం రాశారు. రెండో పేరు నాది. అందులో ఆ విభజననూ, ఆమె వాక్యాలు కొన్నింటినీ వాడుకున్నారు. వాడుకున్న చోటల్లా మార్జిన్లో పెన్సిల్‌తో ‘ఇది సుంకులమ్మది, పేరు ఇవ్వు’ అని నాకోసం రాసి పెట్టారు. ఇచ్చాను. జాబితాలో ఇరవై మూడోది.

పంపే ముందు పత్రిక నియమాలు మరోసారి చదివాను. అచ్చుకాని రచనను జాబితాలో చేర్చకూడదు. దానికి బదులు వ్యాసంలోనే, ఆ విషయం వచ్చిన చోట, బ్రాకెట్లో ఆ మనిషి పేరు ఇవ్వాలి. రెండు వాక్యాల నియమం. నేను మొదటి వాక్యాన్ని పాటించాను.

రెండోది మరిచిపోయానా? మరిచిపోయానని ఎన్నోసార్లు నన్ను నేను నమ్మించబోయాను. కుదరలేదు. ఆమె పేరు రావలసిన చోట కర్సర్ పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ పేరు టైపు చేస్తే వ్యాసంలో బాగున్నదంతా ఆమెదేనని, రెండో పేరున్న నేను చేసింది కామాలు పెట్టడమేనని చదివినవాళ్లందరికీ తెలిసిపోతుంది, ఆ సంగతి నాకు అంత స్పష్టంగా తెలుసు కాబట్టే చెయ్యి కదల్లేదు. జాబితాలో ఆ వరుస చెరిపాను. ఇరవై నాలుగు ఇరవై మూడైంది. కింది అంకెలన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగాయి. కంప్యూటర్ తనే సర్దేసింది. ఖాళీ కూడా మిగల్లేదు.

సారుకు అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. “నువ్వు చూసినావు కదప్పా, పంపు,” అన్నారు. పంపాను.

వ్యాసం అచ్చయింది. ఏడాది తిరక్కుండానే సారుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ తర్వాత సుంకులమ్మ ఇంగ్లీషులోనే రాసిన తన సిద్ధాంత గ్రంథం ఇచ్చింది. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ ఆమె మూడో అధ్యాయానికి నిండా ఎర్రరంగు పూసింది. మా వ్యాసం నుంచి ఎత్తి రాసినట్టు చూపించింది.

ఆమె ఆ కాగితాలు పట్టుకుని వరండాలో నా దగ్గరకు వచ్చింది. ముఖంలో కోపం లేదు. ఏదో పొరపాటు జరిగిందని, నేను సరిచేస్తానని నమ్మకం.

“అన్నా, మీ దాంట్లో నా పేరు యాడా లేదే? సారు ఏపిస్తానని చెప్పినాడు కదా!”

“పత్రికోళ్లు తీసేసింటారమ్మా. అచ్చు కానివి వాళ్లు ఏసుకోరు.”

“అట్లయితే వాళ్లకే రాస్తా. అడుగుతా.”

“వద్దు. సారు మంచంలో ఉండాడు. ఇప్పుడు నువ్వు రాస్తే ఆయప్ప నీది దొంగిలించినట్టయితాది.”

ఆమె చేతిలోని కాగితాలు మడిచింది. తర్వాత అంది: “నిజమే అన్నా. సారుకు చెడ్డపేరు తెచ్చేదాన్ని కాదు నేను.”

నాకు అప్పుడు కూడా చెప్పే వీలుంది. ఆమె ఇంకా రెండు అడుగుల దూరంలోనే నిలబడి ఉంది.

విచారణ కమిటీ ముందు ఆమె నోటుపుస్తకాలు బల్ల మీద పరిచింది. వాటిలో మాటలున్నాయి, విభజన ఎప్పుడు చేసిందో చెప్పే తేదీలు లేవు. ఆమె బయటికి వచ్చాక నన్నూ పిలిచారు. వ్యాసం రాసేనాటికి ఈమె అధ్యాయం మీరు చూశారా అని అడిగారు. సరిగా గుర్తు లేదండీ అన్నాను. సారు పెన్సిల్ రాత ఉన్న వ్యాసప్రతి ఆ నిమిషంలో నా సంచిలోనే ఉంది. ఎందుకు తీసుకెళ్లాను? బయట పెట్టాలనా, ఇంట్లో వదిలితే ఎవరైనా చూస్తారనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మరునాడు దాన్ని చించి వంతెన మీదనుంచి హంద్రిలో పోశాను. ఏట్లో నీళ్లు లేవు. ముక్కలు ఇసుక మీద పడి అక్కడే ఉండిపోయాయి.

ఆ అధ్యాయం తీసేసి మళ్లీ రాయమన్నారు. అది తీసేస్తే ఇక మిగిలేదేముంది? ఆమె మళ్లీ విభాగానికి రాలేదు. నాకు కడపలో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో ఆ వ్యాసాన్నే మెచ్చుకున్నారు. ఈ విభజన ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, మా అవ్వ మగ్గం దగ్గర కూర్చుని చూసేవాణ్నని చెప్పాను. మా ఇంట్లో మగ్గం ఎప్పుడూ లేదు. సారును చూడ్డానికి నేను వెళ్లలేదు. ఆయన పోయినప్పుడూ వెళ్లలేదు.

పోయిన ఎండాకాలం డోన్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉంటే ఎవరో అన్నా అని పిలిచారు. సుంకులమ్మ. కోయిలకుంట్లలో ఒక ప్రైవేటు బడిలో పనిచేస్తోందట. జుట్టు సగం నెరిసింది. నా పిల్లల గురించి అడిగింది. రైలు కూత వినపడ్డాక అంది: “ఆ పొద్దు అందరూ నన్ను దొంగను చూసినట్టు చూస్తాంటే నువ్వొక్కనివే నాతో బస్టాండు దాకా వచ్చినావన్నా. అది నేను మర్చిపోలే.”

అవును, వెళ్లాను. దారిలో ఎక్కడైనా మనసు మార్చుకుని పత్రికకు ఉత్తరం రాస్తుందేమోనన్న భయంతో వెళ్లాను. బస్సు కదిలాకే ఊపిరి తీసుకున్నాను.

ఆమె చేతిలో సంచి అందుకుని బోగీలో పెట్టాను. 

ఆ తర్వాత పత్రికకు సవరణ కోరుతూ మూడుసార్లు ఉత్తరం రాశాను. పంపలేదు. పంపితే ఉద్యోగం పోతుందని భయం. పంపినా ఆమె నష్టపోయిన ఏళ్లలో ఒక్కటీ తిరిగి రాదని సాకు. ఈ రెండిటిలో ఏది నన్ను ఆపుతోందో నాకు తెలుసు. మీకూ తెలిసే ఉంటుంది.

పత్రిక వాళ్లు కాదు, సారు కాదు. తీసేసింది నేను. ఆ మూడు ఉత్తరాల్లోనూ పొరపాటు జరిగిందనే రాశాను, ఈ మాట రాయడం ఇదే మొదలు. రాశాక గుండెలో కొంచెం గాలి ఆడుతున్నట్టుంది. ఆ సుఖం కూడా నాకే దక్కింది, ఆమెకు కాదు.