చెరువు సంగతి నేను చెప్పని మూడు రోజులు

ఆ ఆదివారం మధ్యాహ్నం చెరువు నుంచి ఇంటికొచ్చిన మా ఆయన అన్నం ముందు కూర్చుని, ఒక్క ముద్ద కూడా తినకుండా లేచి వెళ్లి వాంతి చేసుకున్నారు. ఎండదెబ్బ అనుకున్నాం.

మా ఆయన రత్నం శంషాబాద్ దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టర్. మిగతా రోజుల్లో గగన్‌పహాడ్‌లో ఒక గోదాములో పని. ఆ రోజు తొమ్మిది మందికి బాప్తిస్మం ఇచ్చారు. గంటన్నర సేపు నడుము లోతు నీళ్లలోనే ఉన్నారు. చివర్లో ఒక బరువైన మనిషిని లేపబోయి, కాలు జారి తానూ మునిగి, నీళ్లు మింగారు.

ఏళ్లుగా మేం దిగే చెరువే అది. చుట్టూ కాలనీలు వచ్చాక మురుగంతా దాంట్లోకే వస్తోంది. ఆ వేసవిలో నీళ్లు బాగా తగ్గి, వేడెక్కి, పెయింటు ఒలకబోసినట్టు పచ్చగా ఉన్నాయి. గట్టు మీద బర్రెలు మేపే ముసలాయన అన్నాడు కూడా: "అయ్యగారూ, మా బర్లే గా నీళ్లు ముడ్తలేవు. దిగుడు అవసరమా?"

"నాచే కద బాపు," అని మా ఆయన దిగారు.

సోమవారం జ్వరం, కాళ్ల మీద దద్దుర్లు, పెదాల చుట్టూ పొక్కులు. మంగళవారానికి దగ్గు, ఆయాసం. రాజేంద్రనగర్‌లో ఒక దవాఖానకు తీసుకెళ్లాను. ఎక్స్‌రేలో న్యుమోనియా అన్నారు. సాయంత్రానికి లివర్ పరీక్ష, ఎల్‌ఎఫ్‌టీ రిపోర్టు వచ్చింది. యాభై లోపు ఉండాల్సిన ఎస్‌జీపీటీ వెయ్యి దాటింది.

"డ్రింక్ చేస్తారా?" అని అడిగారు పెద్ద డాక్టర్.

"లేదు సార్. నేను పాస్టర్‌ని."

"నిజం చెబితే ట్రీట్‌మెంట్ ఈజీ అవుతుంది." ఆయన నా వైపు చూశారు. నేను లేదని తలూపాను. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. తర్వాత డెంగీ, లెప్టో, హెపటైటిస్ అన్నీ నెగటివ్ వచ్చాయి.

నాకు అప్పటికే చెరువు మీద అనుమానం. ఆ మంగళవారం సాయంత్రం డాక్టర్ వెళ్లాక అదే అంటే, మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "చెరువు మాట తియ్యకు. బాప్తిస్మంతోనే గిట్లయిందంటే ఊళ్లె ఏమనుకుంటరో ఎరుకే కద." సరే అన్నాను. ఆయన కోసమే అనుకున్నాను గానీ, నాకూ అదే భయం.

శుక్రవారం పొద్దున ఆయన మాట తడబడింది. నన్ను చూసి వాళ్లమ్మ పేరు పిలిచారు.

"ఐఎన్‌ఆర్ పెరుగుతోంది, అంటే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతోంది. లివర్ సరిగ్గా పనిచేయడం లేదు. ఐసీయూకి మారుస్తున్నాం," అంది డ్యూటీ డాక్టరమ్మ. ఫారం మీద సంతకం పెట్టించుకుంటూ అడిగింది: "ఈ వారంలో ఎక్కడైనా నీళ్లలో దిగారా?"

నా పెన్ను ఆగిపోయింది. ఫోన్ తీసి బాప్తిస్మం వీడియో చూపించాను. ఆమె ఒక చోట ఆపి, బొమ్మ పెద్దది చేసి చూసింది.

"ఇది మామూలు నాచు కాకపోవచ్చమ్మా. సైనోబాక్టీరియా అంటారు. కొన్ని రకాల టాక్సిన్ లివర్‌ని దెబ్బతీస్తుంది. దీనికి విరుగుడు లేదు. కోలుకునేదాకా సపోర్ట్ ఇవ్వడమే." వెళ్లబోతూ ఆగింది. "మిగతావాళ్లు ఎలా ఉన్నారు?"

అన్ని రోజుల్లో ఆ తొమ్మిది మంది నాకు గుర్తే రాలేదు. ఐసీయూ బయట నిలబడి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఇద్దరికి వాంతులై తగ్గాయి. కొందరికి ఒంటి నిండా దురదలు. ఏడో ఫోన్ తుక్కుగూడలో ఉండే మరియమ్మకు. ఆ రోజు బాప్తిస్మం తీసుకున్న ఆమె కూతురు కీర్తనకు పద్నాలుగేళ్లు.

"పోరి కండ్లు పచ్చగైనయ్ అమ్మగారూ. కామెర్లని పసరు తాపిస్తున్నం. నిన్నటి సంది ఏం తింటలేదు."

"పసరు ఆపు మరియమ్మా. ఇప్పుడే ఆటో ఎక్కించి ఇక్కడికి తీస్కరా. చెరువు నీళ్లల్ల విషం ఉన్నదేమో అంటున్నరు."

"మీకు ఎప్పుడు ఎరుకైంది?"

"మంగళవారమే అనుమానం వచ్చింది."

"మరి మాకెందుకు చెప్పలే?"

ఫోన్ పెట్టేసింది. వస్తుందో రాదో తెలియక గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి ఆటోలోకీ తొంగి చూశాను. గంటంబావు తర్వాత దిగారు. పిల్ల తల్లి భుజం మీద వాలి నడుస్తోంది. మరియమ్మ నా వైపు చూడలేదు.

కీర్తనకు ఎస్‌జీపీటీ పెరిగింది గానీ ఐఎన్‌ఆర్ బాగానే ఉంది. "టైమ్‌కి తెచ్చారు," అంది డాక్టరమ్మ. ఆరో రోజుకు పిల్ల ఇంటికి వెళ్లింది.

మా ఆయనకు అలా కాలేదు. ఐఎన్‌ఆర్ దిగుతోందని ఊపిరి పీల్చుకునేలోపు ఊపిరితిత్తుల్లో మళ్లీ ఇన్‌ఫెక్షన్. నాలుగు రోజులు ఊపిరికి సాయం చేసే బైపాప్ మాస్కు. దవాఖానలో చేరిన పదిహేడో రోజున డిశ్చార్జ్ చేశారు. "ఆ నీళ్లే కారణమని కచ్చితంగా రాసివ్వలేను. శాంపిల్ తెచ్చేసరికి వాన పడి నీళ్లు మారిపోయాయి. కానీ నాకు అదే అనిపిస్తోంది," అంది డాక్టరమ్మ.

కోలుకున్న తర్వాతి మొదటి ఆదివారం ఆయన సంఘం ముందు కుర్చీలో కూర్చునే మాట్లాడారు. "చెరువు మాట దాచమన్నది నేనే. తప్పు నాది. మాఫ్ చెయ్యిన్రి." దాచింది నేను కూడా అని నేను లేచి చెప్పాను.

ఇప్పుడు ఏడాది దాటింది. ఆయన ఎల్‌ఎఫ్‌టీ నార్మల్. బరువులు ఎత్తలేరు కాబట్టి గోదాములో గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. బాప్తిస్మాలు మందిరం వెనక సిమెంటు తొట్టిలో, బోరు నీళ్లతో. కీర్తన పదో తరగతికి వచ్చింది. మరియమ్మ వేరే సంఘానికి వెళ్తోంది. సంతలో కనబడితే "అయ్యగారు మంచిగున్నరా?" అని అడుగుతుంది. అంతకు మించి మాట్లాడదు. ఆమెను తప్పుపట్టలేను.

పచ్చగా తెట్టె కట్టిన నీళ్లలో దిగకండి, కాచినా ఆ విషం పోదట. ఒకవేళ దిగి జబ్బుపడితే, డాక్టర్ అడిగేదాకా ఆగకుండా మొదటి రోజే ఆ సంగతి చెప్పండి. మీతో పాటు దిగినవాళ్లకు కూడా ఆ రోజే ఫోన్ చేయండి.