వేళ మార్చుకున్న అత్తయ్య

హోలీ వెళ్ళిన వారంలో మా అత్తయ్య పోయింది. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే ఫోను మోగింది. అత్తయ్య పక్కింట్లో గేదెలు పెట్టుకుని పాలమ్మే దీదీ. "బేటీ, సిస్టర్‌జీ వెళ్ళిపోయారు" అంది హిందీలో, ఏడుస్తూ. కాసేపాగి, "ఘోడీకి పొద్దుటి దాణా పెట్టేశాను. అంతా తినేసింది. నువ్వు నిదానంగా రా" అంది. మొదటి మాటకి రాని కన్నీళ్ళు నాకు ఈ రెండో మాటకి వచ్చాయి. ఎందుకొచ్చాయో తెలియాలంటే మా అత్తయ్య గురించీ, ఆ గుర్రం గురించీ మీకు చెప్పాలి.

అత్తయ్య మా నాన్నగారి అక్క. నర్సాపురం దగ్గర పుట్టింది. మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివి, మిలటరీలో ఉన్న మావయ్యని చేసుకుని ఢిల్లీ కంటోన్మెంటుకి వచ్చింది. ఆయన ఉద్యోగమంతా గుర్రాల సాకుడే. పెన్షన్‌లోకి వచ్చాక, చుట్టూ ఇంకా పొలాలే ఉన్న రోజుల్లో, గ్రేటర్ నోయిడా అంచున ఒక ఊళ్ళో కాస్త స్థలం కొని రెండు గదులు వేసుకున్నారు. ఆ దగ్గర్లోనే స్వారీ నేర్పే చోటొకటి మూతపడుతుంటే, ఎవరూ అడగని ఆడగుర్రాన్ని ఒకదాన్ని ఇంటికి తోలుకొచ్చారు. పేరు బిజ్లీ. పేరుకే మెరుపు, నడక మాత్రం గోదాట్లో పంటు పడవ నడక. అక్కడ కరెంటు పోవడమూ రావడమూ రోజూ ఉండేదే. వచ్చినప్పుడల్లా వీధి వీధంతా "బిజ్లీ ఆ గయీ", కరెంటొచ్చింది, అని కేకలేసేది. ఎవరో తనని పిలిచారనుకుని అది తలెత్తి చూసేది. ఎన్నిసార్లు చూసినా అత్తయ్యకి నవ్వాగేది కాదు.

వాళ్ళకి పిల్లల్లేరు. గుండెపోటొచ్చి మావయ్య హఠాత్తుగా పోయారు. చర్చి సంఘంలో అందరూ ఒకటే మాట అన్నారు, గుర్రాన్ని అమ్మేయమని. పాస్టరుగారు కూడా మెల్లిగా చెప్పి చూశారు. "కొనేదెవరండీ, పెళ్ళి ఊరేగింపుల వాళ్ళు. తీసుకెళ్ళి బ్యాండు మోతలో నిలబెడతారు. దానికి చప్పుడంటే ప్రాణం పోతుంది" అంది అత్తయ్య. మరి దాన్నెలా చూస్తావమ్మా అంటే, "వార్డులో అంతమందిని చూస్తున్నాను, ఇంట్లో ఒకరు ఎక్కువవుతారా" అంది.

అలా నోయిడా ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తూనే దాన్ని సాకింది. అడిగి మరీ ఉదయం డ్యూటీ వేయించుకునేది. చీకటి ఉండగానే లేచి లద్దె ఎత్తి, దాణా నానబెట్టి పెట్టి, గిట్టలు చూసి, గడ్డి వేసి బస్సెక్కేది. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చి, చెప్పులు విప్పకముందే నీళ్ళు పెట్టేది. సాయంత్రం మళ్ళీ దాణా, మాలీసు. సెలవులకి నేను వెళ్తే నాతో మాట్లాడటం కూడా ఆ పనుల మధ్యనే. "రోగికి ప్రేమ తర్వాతమ్మా, ముందు వేళ కావాలి" అనేది. ఆసుపత్రిలో కొత్తగా చేరిన పిల్లలకీ అదే చెప్పేదట.

రిటైరైన రోజు శాలువా, గోడ గడియారం తెచ్చుకుంది. "అమ్మలూ, ఇన్నాళ్ళూ దానికి నా మిగులూ తగులూ పెట్టాను. ఇకనుంచి మొత్తం నేనే దొరుకుతాను" అంది నాతో. అంత సంబరంగా అత్తయ్యని నేనెప్పుడూ చూడలేదు.

ఆ సంబరం నెల తిరగకుండానే వికటించింది. జన్మలో మొదటిసారి తెల్లారాక నిద్రలేవడం మొదలుపెట్టింది. దాంతో దాణా ఆలస్యమయ్యేది. ఆకలితో ఉంచానని నొచ్చుకుని నాలుగు పిడికిళ్ళు ఎక్కువ వేసేది. మధ్యలో తోచక క్యారెట్లూ బెల్లంముక్కా పెట్టేది. పొద్దస్తమానం దువ్వేది. గుర్రం చిరాకుపడి చెవులు వెనక్కి వాల్చేది, డొక్కు బకెట్టుని తన్నేది. "నేనేం చేశానే నిన్ను" అని అత్తయ్య దాన్ని బతిమాలేది.

చలికాలంలో ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి గుర్రం నేల మీద పడి దొర్లుతోంది. కడుపులో శూల. నీళ్ళు ముట్టుకోవడంలేదు. పశువుల డాక్టరుగారు వచ్చి ఇంజక్షన్ చేసి, పడుకోనివ్వకుండా నడిపించమన్నారు. అత్తయ్యా, నేనూ, దీదీ వంతులేసుకుని పొద్దువాలే దాకా ఆ ఆవరణలో తిప్పుతూనే ఉన్నాం. చివరికి లద్దె పడింది. ముగ్గురం అక్కడే ఇటుకల మీద కూలబడ్డాం.

డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ అన్నారు: "సిస్టర్‌జీ, రిటైరైంది మీరు. ఆ సంగతి దీనికెవరూ చెప్పలేదు."

ఆయన నవ్వించడానికే అన్నారు. అత్తయ్య నవ్వలేదు. ఆయన వెళ్ళాక, "అన్నేళ్ళలో ఒక్క రోగికి వేళ తప్పించలేదు నేను. చేతులు ఖాళీ అయ్యేసరికి నా ఇంట్లో నోరులేనిదాన్ని చంపుకునేదాన్నే" అంది. చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు గుర్రం కోసమే కాదని నాకనిపించింది. ఏ వార్డులోనూ తన కోసం ఎవరూ ఎదురుచూడటంలేదు కదా ఇప్పుడు.

మర్నాటి నుంచి మళ్ళీ చీకట్నే లేచింది. ఇదివరకటి వేళలన్నీ తిరిగొచ్చాయి. గుర్రం కుదుటపడ్డాక మాత్రం ఆ వేళల్ని కొంచెం కొంచెంగా జరపడం మొదలుపెట్టింది. వారానికి కాస్త చొప్పున, దానికి తెలియనంత నిదానంగా. "ఏళ్ళ తరబడి వాడిన మందు ఒక్కరోజులో ఆపం కదా, ఇదీ అంతే" అంది. ఎండాకాలం వచ్చేసరికి ఇద్దరూ తెల్లారాకే లేస్తున్నారు. మధ్యాహ్నాలు దువ్వెన ముట్టుకోకుండా, చెట్టునీడలో కుర్చీ వేసుకుని దాని దగ్గర ఊరికే కూర్చునేది. ఊరికే కూర్చోవడం అత్తయ్యకి అలవాటు కావడానికే ఎక్కువ కాలం పట్టింది. ఊళ్ళో ఆడవాళ్ళు బీపీ చూపించుకోవడానికి అక్కడికే వచ్చేవాళ్ళు.

అలా కొన్నేళ్ళు బాగా గడిచాయి. గుర్రానికి పళ్ళు అరిగిపోతే దాణా జావలా కలిపేది. తన మోకాళ్ళు అరిగిపోతే స్టూలు మీద కూర్చుని గిట్టలు చూసేది.

పోయిన వానాకాలంలో కడుపునొప్పి అంది. స్కాన్ తీయించాం. ఆ కాగితం డాక్టరు కంటే ముందు తనే చదివేసుకుంది. ఇల్లు చేరాక, "దీవాళీ వెళ్ళనీ" అంది. దేనికో నాకు అర్థం కాలేదు. ఎప్పట్లాగే దీవాళీ టపాకాయలు మోగినంతసేపూ దాని మెడ మీద చెయ్యేసి నిలబడింది. ఆ మర్నాడు దీదీని పిలిచింది.

"నా తర్వాత దీన్ని నువ్వు చూడాలి. చూస్తావా?"

"గేదెలు ఉన్నచోట ఇదొకటి. అదేం మాట సిస్టర్‌జీ" అంది దీదీ.

"నువ్వు చూస్తావమ్మా. అది నీ చేత్తో తినాలిగా."

మొదట్లో దీదీ దాణా పెడుతుంటే అత్తయ్య పక్కనే నిలబడేది. తర్వాత గడప దగ్గర. ఆ తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. గుర్రం మూతి తిప్పేసుకునేది. తలుపు వైపు చూసి సకిలించేది. పక్కటెముకలు కనబడసాగాయి. ఒకరోజు నేనక్కడే ఉన్నాను. బయట అది పిలుస్తోంది. అత్తయ్య మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో బిగించి పెట్టుకుంది.

"ఒక్కసారి వెళ్ళి రా అత్తయ్యా. నాకే ఉండబట్టడంలేదు" అన్నాను.

"ఇవాళ వెళ్తే వారం చేసిందంతా పోతుంది. మళ్ళీ మొదలెట్టడానికి నాకు వారాల్లేవు."

"చిక్కిపోతోంది."

"ఇప్పుడు చిక్కితే నేనున్నాను చూడ్డానికి. నేను పోయాక చిక్కితే ఎవరున్నారు?"

వెళ్ళి పక్కన కూర్చున్నాను. కాసేపటికి సకిలింపు ఆగింది. ఇంకాసేపటికి బకెట్టు నేలకి రాసుకున్న చప్పుడు, తర్వాత నములుతున్న చప్పుడు. అత్తయ్య ఊపిరి బిగబట్టి విన్నది. "తింటోంది" అంది, మెల్లిగా, నిద్రపోయే పిల్లని లేపకూడదన్నట్టు. ఆ పూట తనూ రెండు ముద్దలు పెరుగన్నం తిన్నది.

గుర్రం దీదీకి పూర్తిగా అలవాటయ్యాక గానీ అత్తయ్య మళ్ళీ దాని దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళినా దాణా వేళకి కాదు, మిట్టమధ్యాహ్నం, ఉత్తచేతులతో. "ఇప్పుడు నేను చుట్టాన్ని. చూసి పోవడానికొచ్చాను" అనేది. అది తల వంచి ఆమె భుజానికి ఆనించేది. నాకు గుర్తున్నంతలో వాళ్ళిద్దరూ పనేమీ లేకుండా కలిసి ఉన్నది ఆ శీతాకాలమే.

అత్తయ్యని సమాధి చేసిన రోజు సంఘమంతా వచ్చింది. ఆసుపత్రి నుంచి నర్సులు వచ్చారు, ఊళ్ళో ఆడవాళ్ళు ముసుగులేసుకుని వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. పాస్టరుగారు ఆమె చేసిన సేవ గురించి చక్కగా చెప్పారు. గుర్రం సంగతి ఆయన ఎత్తలేదు. అందుకే ఇది రాశాను.

మర్నాడు నేను వెళ్ళేసరికి బిజ్లీ దీదీ పెట్టిన జావ తింటోంది. నన్ను చూసి ఒక చెవి తిప్పి, మళ్ళీ బకెట్టులోకి వంగింది. అది నా కోసం గానీ, ఇంకెవరి కోసం గానీ వెతకలేదు. అత్తయ్య కోరుకున్నది అదే. అయినా నాకు మనసు కలుక్కుమంది. చలి పోయి ఎండ ముదురుతోంది. శీతాకాలపు బొచ్చు రాలే రోజులు. దువ్వెన తీసుకుని దాని వీపు మీద లాగాను. తెల్లటి బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడి, గాలికి ఆవరణంతా దొర్లింది. గోడ మీంచి రెండు గోరువంకలు దిగాయి. ముక్కుల నిండా ఆ బొచ్చు కరుచుకుని ఎగిరిపోయి, కొత్తగా లేస్తున్న అపార్టుమెంటు గోడలో ఒక కన్నంలో దూరాయి. కాసేపటికి మళ్ళీ వచ్చాయి. అవి వస్తున్నంతసేపూ నేను దువ్వుతూనే ఉన్నాను.